వానను మిగిల్చినవాళ్ళు, నీటిని తవ్వినవాడు

వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలుకు ముందే రంగులు పట్టించి నేసేవి వాటిలో కొన్ని, నేత పూర్తయ్యాక చెక్క అచ్చులతో కలంకారీ బొమ్మలు అద్దేవి మరికొన్ని. అలాంటి అచ్చునొకదాన్ని చేతిలోకి తీసుకుని, ముఖం పైకి తిప్పి చూస్తే పనితనం ఎక్కడుందో తెలుస్తుంది. తీగ, ఆకు అంచు, పూరేకు ఉన్నచోట చెక్క నిలబడి ఉంటుంది. తక్కినదంతా గుంట. ఉలి గీత మీద నడవలేదు. గీతకు అటూ ఇటూ ఉన్న చెక్కనంతా తవ్వి తీసేసి గీతను వదిలేసింది. గుడ్డ మీద మనం చూసే ప్రతి గీతా ఉలి తాకని చోటే.

ఆకు అంచుకైతే ఈ పద్ధతితో చిక్కేమీ లేదు. గీత కాస్త లావైనా ఆకు ఆకుగానే కనిపిస్తుంది. అదే చెక్క మీద వాన చెక్కమంటే పని మారిపోతుంది. వాన గీత జానెడో బెత్తెడో పొడవుండాలి, వెంట్రుక మందమే ఉండాలి, పక్క గీతకు సమాంతరంగా సాగాలి, అలాంటివి ఒక్క బొమ్మలో వందలు కావాలి. ఒక్కటి విరిగినా కన్ను ముందు అక్కడికే పోతుంది. పంతొమ్మిదో శతాబ్దపు జపాన్‌లో కొందరు చెక్కుడు పనివాళ్ళు ఈ పనిని రోజువారీ కూలికి చేసేవారు. ఆ బొమ్మలు అప్పట్లో బజారులో చవకగా అమ్ముడుపోయేవి.

అసలు వానను గీతగా ఎందుకు చూపాలి? 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు 6 మీటర్లకు పైగా వేగంతో పడుతుంది. సెకనులో పదో వంతు గడిచేలోగా అర మీటరు దాటి జారిపోతుంది. కంటికి చినుకు అందదు, అది నడిచిన దారే అందుతుంది. అంటే చిత్రకారుడి గీత చూపుకు నిజమైనదే. అయితే ఆ గీత అన్నిచోట్లా ఒకేలా కనిపించదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి నల్లరాయి ముందు వాన తెల్లగా కనిపిస్తుంది. తల పైకెత్తి ఆకాశంలో వెతికితే దాదాపు కనిపించదు. భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి అవతలి గుట్టలను చూస్తే గీతలే ఉండవు. గుట్టల మీద బూడిదరంగు పొర ఒకటి కప్పినట్టుంటుంది. దగ్గరి వాన గీత, దూరపు వాన పొర. ఈ రెండింటినీ చెక్కతోనే సాధించాలి. గీతను చెక్కడంతో, పొరను అద్దడంతో.

ఈ రెండూ ఒకే కాగితం మీద కలిసిన చోటు ఉటగవా హిరోషిగే బొమ్మలు. ఆయన 1797లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, పుట్టాడు. తండ్రి నుంచి వచ్చిన అగ్నిమాపక ఉద్యోగం కొన్నాళ్ళు చేశాడు. 1858లో చనిపోయాడు. నిప్పుకు కాపలా కాసిన మనిషి లోకానికి వానల చిత్రకారుడిగా గుర్తుండిపోయాడు. ఆయన వానల్లో ఏ రెండూ ఒకటి కావు. 1833-34 నాటి తొకైదో బాట చిత్రాల్లో 'షోనో' అనే మజిలీ ఉంది. అందులో వాన ఏటవాలుగా విసిరికొడుతుంది. వెదురుపొదలు గాలికి వంగి, ఒకదాని వెనక ఒకటి లేతబడుతూ పోయే బూడిదరంగు నీడల్లా ఉంటాయి. పల్లకీ మోసేవాళ్ళు ఎగువకు, గొడుగు పట్టుకున్న మనిషి దిగువకు పరుగు. ఆ గొడుగు మీద ప్రచురణకర్త పేరు ఉంది. వానలో కూడా వ్యాపారం తడవలేదు. 'కరసాకి రాత్రి వాన'లో గాలి లేదు. పెద్ద పైన్ చెట్టు మీద నిలువు గీతలు దట్టంగా దిగుతాయి, అంతే. కూర్పు పరంగా నాకు షోనోయే గొప్పగా తోస్తుంది. వాన గీత చెక్కడంలో మాత్రం అన్నిటికన్నా పైది 1857లో వచ్చిన 'షిన్-ఒహాషి వంతెన, అతాకే మీద అకస్మాత్తు జల్లు'. 'ఎదో నూరు ప్రసిద్ధ దృశ్యాలు' అనే వరుసలోది.

బొమ్మలో ఉన్నవి తక్కువే. కింద సుమిదా నది మీద కొయ్య వంతెన ఓ పక్కకు ఏటవాలుగా పోతుంది. దాని మీద ఆరేడుగురు, గొడుగులూ చాపలూ నెత్తిన కప్పుకుని నడుం వంచి పరుగెడుతున్నారు. నది మీద తెప్ప నడిపేవాడు గడ్డితో అల్లిన పైవస్త్రం కప్పుకున్నాడు. అవతలి ఒడ్డు వంతెన వాలుకు ఎదురుదిశలో వాలి ఉంటుంది. దానికి గీతల్లేవు, బూడిదరంగు నీడ మాత్రమే. పైఅంచున నల్లమబ్బు. వీటన్నిటి మీదుగా పైనుంచి కిందిదాకా వాన.

దీని తయారీలో నలుగురి చేయి ఉంది. ప్రచురణకర్త డబ్బు పెట్టి పని నడిపిస్తాడు, చిత్రకారుడు గీస్తాడు, చెక్కేవాడు చెక్కుతాడు, ముద్రించేవాడు ముద్రిస్తాడు. హిరోషిగే గీసింది పల్చటి కాగితం మీద సిరా గీతలు. ఆ కాగితాన్ని కొండ చెర్రీ చెక్క దిమ్మ మీద బోర్లించి అతికిస్తారు. కాగితం పల్చన గనుక గీతలు వెనకనుంచి తిరగబడి కనిపిస్తాయి. చెక్కేవాడు కాగితంతో సహా కోస్తాడు. పని పూర్తయ్యేసరికి మూలచిత్రం చితికి, పొట్టుతో కలిసి ఊడ్చేసే చెత్త అవుతుంది. చిత్రకారుడి చేతి గీత ఆ తర్వాత ఎక్కడా మిగలదు, చెక్కేవాడు దాన్ని ఎంత అర్థం చేసుకున్నాడో అంతే ఉంటుంది. చెర్రీని ఎంచుకోవడానికి కారణం దాని పీచు సన్నగా, ఒత్తుగా ఉండటం. మెత్తటి చెక్కలో వెంట్రుకంత గోడ నిలవదు.

గీతకు ఒక పక్క కత్తిని కొద్దిగా వాల్చి లాగుతారు. దిమ్మను తిప్పి, రెండో పక్క అదే వాలుతో మళ్ళీ లాగుతారు. రెండు కోతల మధ్య మిగిలిన గోడ అడుగున వెడల్పు, పైన సన్నం. వాలు ఉంచకుండా నిటారుగా కోస్తే ముద్రణలో ఒత్తిడికి గోడ పక్కకు ఒరిగి విరుగుతుంది. గోడ తేలాక, దూరంగా ఉన్న చెక్కను ఉలీ సుత్తీతో తీసేస్తారు. ఆకారం ఉన్న గీతలో చేయి కాస్త తడబడినా వంపులో కలిసిపోతుంది. వాన గీతకు వంపు లేదు, తప్పు దాచుకునే చోటే లేదు. పైగా ఏటవాలు గీత చెక్క పీచును దాటుకుంటూ పోతుంది. పీచు వెంట నిలిచిన గోడ గట్టిగా ఉంటుంది, పీచుకు అడ్డంగా నిలిచిన గోడ చిన్న దెబ్బకే రాలుతుంది. రాలితే ఆ చోటు తవ్వి, కొత్త చెక్కముక్క బిగించి, మళ్ళీ చెక్కాలి. మనుషుల తలవెంట్రుకలూ వాన గీతలూ చెక్కగలిగినవాడినే ఆ వృత్తిలో పైవాడుగా లెక్కించేవారు.

అతాకే వానలో ఇంకో సూక్ష్మం ఉంది. గీతలు ఒక వరుస కావు, రెండు వరుసలు. రెండింటి వాలూ కొంచెం తేడా. ఒక వరుస కాస్త ముదురు, రెండోది కాస్త లేత. రెంటికీ వేరు దిమ్మలు. ఒకే వాలుతో ఎన్ని గీతలు పెట్టినా అవి కాగితం మీద చారలుగానే నిలుస్తాయి. రెండు వాలులు ఒకదాన్నొకటి చాలా సన్నని కోణంలో కోసుకున్నప్పుడు, కన్నుకు ఒకటి ముందు, ఒకటి వెనక అనిపిస్తుంది. మధ్యలో గాలి కనిపిస్తుంది. రెండో దిమ్మకు అయిన ఖర్చంతా ఆ గాలి కోసమే.

ఇక పొర సంగతి. ముద్రించేవాడి దగ్గర నూనె సిరా లేదు. నీటిలో కలిపిన రంగు, కొంచెం బియ్యప్పిండి జిగురు, గుర్రపు వెంట్రుకల కుంచె, తడిపిన కాగితం, చేతిలో పట్టే బరెన్. బరెన్ అంటే వెదురు పొర పురిని చుట్లు చుట్టి, పైన మరో వెదురు ఆకు కప్పిన గుండ్రటి బిళ్ళ. ప్రెస్ లేదు. కాగితాన్ని దిమ్మ మీద పరిచి, బరెన్‌తో వెనకనుంచి రుద్దుతారు. మబ్బు కోసం దిమ్మను తడిగుడ్డతో తుడిచి, పైఅంచున మాత్రం నల్లరంగు పెట్టి, కుంచెతో కిందికి లాగుతారు. తడి ఉన్న దిక్కుకు రంగు పలచబడుతూ పోతుంది. చెక్కలో ఈ మెల్లని మార్పుకు ఆధారమేమీ లేదు. అక్కడ చదునైన చెక్కే ఉంది. ప్రతి కాగితానికీ ఆ మబ్బును ముద్రించేవాడు కొత్తగా వేస్తాడు. అందుకే ఒక ప్రతిలో మబ్బు కిందిదాకా దిగితే, మరో ప్రతిలో అంచునే ఆగిపోతుంది. నదికి వాడిన నీలం యూరప్ నుంచి వచ్చిన ప్రష్యన్ నీలం. 1830 ప్రాంతం నుంచి జపాన్ ముద్రణల్లో అదే నీటి రంగైంది.

ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మ. ఒకే కాగితం వాటన్నిటి మీదా వరుసగా పడాలి, వెంట్రుక వాసి జరగకూడదు. దీనికి జవాబు ప్రతి దిమ్మ అంచున చెక్కిన రెండు గాట్లు. మూలన లంబకోణపు గాటు ఒకటి, పక్కన సరళరేఖ గాటు ఒకటి. కాగితం మూలను మొదటిదానిలో ఆనించి, అంచును రెండోదానికి తాకిస్తే ఎన్ని దిమ్మలైనా ఒకేచోట పడతాయి. ఇంతకంటే సులువైన, ఇంతకంటే నమ్మకమైన ఉపాయం నాకు తెలిసి ముద్రణ చరిత్రలో లేదు. 1887లో పారిస్‌లో విన్సెంట్ వాన్‌గో ఈ అతాకే బొమ్మను తైలవర్ణంలో నకలు తీశాడు. వంతెన దిగింది, తెప్పా దిగింది. వాన మాత్రం రంగు మీద పెట్టిన కుంచె దెబ్బలైంది. ఆయన చేతిలో లోపమేమీ లేదు. మిగల్చడం వల్ల పుట్టిన సన్నదనం పెట్టడం వల్ల రాదు.

మన దగ్గర ఈ మిగల్చే విద్యకు పెద్ద ఊరు కృష్ణా జిల్లా పెడన. మచిలీపట్నం కలంకారీకి అచ్చులు చెక్కేదీ, అద్దేదీ ఎక్కువగా అక్కడే. చెర్రీకి బదులు టేకు, కాగితానికి బదులు గుడ్డ. దిమ్మను నునుపు చేసి, బొమ్మను దాని మీదికి దించి, సన్న ఉలులతో గీత చుట్టూ లోతుగా తవ్వుతారు. లోతు ఎక్కువ కావాలి, ఎందుకంటే గుడ్డ అచ్చు గుంటల్లోకి కుంగుతుంది. గుంట లోతు తక్కువగా ఉంటే అక్కడా మరక పడుతుంది. గీతల అచ్చు ఒకటి, నింపే రంగులకు వేరే అచ్చులు. ఇక్కడి అచ్చు అద్దే నీరు చాలాసార్లు రంగు కూడా కాదు. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ ఊరబెట్టిన నీరు, కరక్కాయ పట్టించిన గుడ్డకు తగిలినచోట నల్లబడుతుంది. పటిక నీరు అద్దినచోట, తర్వాత వేర్ల రంగులో ఉడికించినప్పుడు ఎరుపు పడుతుంది. జపాన్ గాట్ల పని ఇక్కడ అద్దేవాడి కన్నూ చేతి అలవాటూ చేస్తాయి. గజాల కొద్దీ గుడ్డ మీద అచ్చు పక్కన అచ్చు పెట్టుకుంటూ పోతాడు, అతుకు కనపడనివ్వడు.

పెడన అచ్చుల్లో వాన కనిపించకపోవడానికి కారణం ఆ అతుకులోనే ఉందని నా ఊహ. తీగ ఒక అచ్చులోంచి మరో అచ్చులోకి పాకితే, కలిసిన చోట ఆకొకటి వాలి అతుకును దాచేస్తుంది. ఏటవాలు సరళరేఖకు ఆకుల్లేవు. ఒక్క నూలు పోగంత జరిగినా గుడ్డ పొడవునా ఆ విరుపు వరుస కడుతుంది. వాన ఒక్క కాగితం మీద ఒక్కసారి కురవడానికి ఒప్పుకుంటుంది. చీరంతా మళ్ళీమళ్ళీ కురవడానికి ఒప్పుకోదు.

జపాన్ విద్య తెలుగు చేతికి చేరిన దారి పెడనకు పక్కనే ఉన్న మచిలీపట్నం మీదుగానూ పోయింది, శాంతినికేతన్ మీదుగానూ పోయింది. 1903లో యోకోయామా తైకాన్, హిషిదా షున్‌సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. తడి కాగితం మీద రంగును పొరలుగా పరిచే తీరును అవనీంద్రనాథ్ ఠాగూర్ వారి దగ్గర చూసి తన పద్ధతిగా మలచుకున్నాడు. ఆ బెంగాల్ పద్ధతిని ప్రమోద్ కుమార్ చటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో నేర్పాడు. అడివి బాపిరాజు అక్కడి శిష్యుడే. అవనీంద్రుడి శిష్యుడు నందలాల్ బోస్ 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్‌తో కలిసి చైనా, జపాన్ వెళ్ళాడు. ఆయనే తర్వాత శాంతినికేతన్ కళాభవన్‌లో పిల్లల చేతికి చెక్కా ఉలీ ఇచ్చాడు. దండి యాత్రలో కర్ర పట్టుకుని నడిచే గాంధీని 1930లో ఆయన లినోలియం మీద చెక్కాడు. అందులో ఉలి తవ్విందే గీత. నల్లని నేల మీద తెల్ల గీతలతో మహాత్ముడు నిలబడతాడు. మిగల్చడం, తవ్వడం అనే రెండు దారులూ కళాభవన్ విద్యార్థికి కళ్ళెదుటే ఉన్నాయన్నమాట.

ఆ విద్యార్థుల్లో ఒకడు చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్ చదువు తర్వాత కొన్నాళ్ళు మద్రాసు కళాక్షేత్రలో చిత్రలేఖనం చెప్పాడు. తర్వాత లండన్ వెళ్ళి హెన్రీ మూర్ దగ్గర, పారిస్ వెళ్ళి జాద్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నాడు. పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపే 'అటెలియే 17' అనే ముద్రణ కార్యశాలలో చేరాడు, కొన్నేళ్ళకు దానికి సహ సంచాలకుడయ్యాడు. ఆయన లోహపు పలకను ముట్టుకున్న తీరు అర్థం కావాలంటే చేయి శిల్పిదని గుర్తుంచుకోవాలి. పలక ఆయనకు బొమ్మ గీసే నేల కాదు, తవ్వి తీర్చే రాయి.

లోహపు పలక ముద్రణ చెక్క అచ్చుకు తలకిందులు. ఇక్కడ సిరా ఉండేది గుంటలో. పలక మీద సిరా పులిమి, గుడ్డతో పైభాగం తుడిచేస్తే, గీతల లోతుల్లో మిగిలిన సిరా మాత్రం ఆగుతుంది. తడి కాగితాన్ని దాని మీద వేసి, ఉన్ని కంబళి పరిచి, ఉక్కు రోలర్ల కింద నడిపిస్తే కాగితం గుంటల్లోకి దిగి సిరాను పైకి తెస్తుంది. అంతవరకూ పాత విద్యే. అందులో రంగులు కావాలంటే రంగుకో పలక చేయాలి, అంటే హిరోషిగే మనుషులు పడ్డ పాట్లే పడాలి. కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ కలిసి 1950లలో ఆ పాట్లను తప్పించే మార్గం తీశారు. ఒకే పలక, ఒకే కాగితం, ప్రెస్ కింద ఒకే నడక. రంగులన్నీ ఒకేసారి.

దీనికి మొదటి మెట్టు పలకను అంతస్తులుగా తవ్వడం. బ్యూరిన్ అనే చెక్కుడు ఉలితో చీల్చిన గీతలూ, ఆమ్లం తినేసిన లోతులూ అన్నిటికన్నా అడుగున. గీకుడు కత్తులతో, యంత్రపు పరికరాలతో తీసిన వాలులూ గుంటలూ మధ్యలో. ఏమీ తగలని పైతలం అన్నిటికన్నా ఎత్తున. మధ్యది ఒకటే మెట్టుగా ఉండదు. ఎక్కడ దిగుడు, ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు అన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత ప్రతి లోతూ ఒక రంగు అడుగుతుంది.

రెండో మెట్టు రోలర్లు. గట్టి రబ్బరు రోలర్ నడిస్తే పైతలాన్నే తాకుతుంది. మెత్తటి రోలర్‌ను నొక్కి నడిపితే కుంగి మధ్య లోతులకు కూడా చేరుతుంది. కాబట్టి ఎత్తును బట్టి రంగు వేయవచ్చు. కాని ఒక చిక్కు ఉంది. మెత్తటి రోలర్ లోతులకు పోతూ పైతలాన్నీ తాకుతుంది, అక్కడి రంగును పాడు చేస్తుంది. ఈ చిక్కును విప్పింది సిరాలోని నూనె. లిన్సీడ్ నూనె ఎక్కువ కలిపి జారుగా చేసిన సిరాను ముందు గట్టి రోలర్‌తో పైతలానికి పట్టిస్తారు. నూనె తక్కువగా, బిగువుగా ఉన్న సిరాను మెత్తటి రోలర్‌తో తర్వాత నడిపిస్తారు. బిగువు సిరా నూనె పొర మీద అంటదు, పొడిగా ఉన్న లోతుల్లో మాత్రం అంటుకుంటుంది. పనస తొనలు వొలిచే ముందు చేతికి నూనె రాసుకుంటే జిగురు పట్టదు కదా, ఇక్కడ జరిగేది అదే. వరుస తారుమారైతే మాత్రం రెండు సిరాలూ కలిసి బురద అవుతాయి. గుంటల్లోని సిరా అన్నిటికన్నా ముందే పట్టించి తుడిచి ఉంచుతారు. అలా అడుగున ఒక రంగు, నడుమ ఒకటి, పైన ఒకటి, ఒకే పలక మీద ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా సిద్ధంగా ఉంటాయి.

చెప్పుకుంటే తేలిగ్గా ఉంది, చేయడంలో ఒక్కో చినుకు నూనెకూ లెక్క ఉంది. జారు, బిగువు అన్నవి ఒకదానితో ఒకటి పోల్చి చెప్పే మాటలు. రెండు సిరాల మధ్య తేడా తగ్గితే కలిసిపోతాయి, మరీ పెరిగితే మెరక మీద సిరా పారుతుంది. ఎండవేడికి సిరా పల్చబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. రోలర్ చుట్టుకొలత పలక పొడవుకు సరిపోవాలి. చిన్నదైతే రెండో చుట్టులో మొదటి చుట్టు గుర్తును పలక మీద మళ్ళీ దించుతుంది. అందుకే ఈ కార్యశాలల్లో రోలర్లు చేతికి బరువయ్యేంత పెద్దవి. ఈ లెక్కలన్నీ కృష్ణారెడ్డి 1988లో పుస్తకంగా అచ్చు వేశాడు. పనివాడి రహస్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి కాదాయన. 1976లో న్యూయార్క్ చేరి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి దాన్ని నేర్పాడు.

ఇంత యంత్రాంగం దేనికని అడిగితే, 1963 నాటి ఆయన 'సుడిగుండం' చూపించాలి. అదే ఏడాది 'అల', 'తుళ్ళింత' కూడా వచ్చాయి. నీరు ఆ రోజుల్లో ఆయనను వదలలేదు. సుడిగుండంలో ఒడ్డు లేదు, పడవ లేదు, మనిషి లేడు. గీతల అల్లిక ఒకటి కన్ను లాంటి చోటు చుట్టూ లాగబడుతూ, సాగుతూ, బిగుస్తూ, తిరుగుతుంది. హిరోషిగే వాన ఒడ్డున నిలబడి చూసిన వాన. ఇది నీటిలో దిగి చూసిన నీరు. పలకలో గుండం దగ్గరికి పోయేకొద్దీ లోతు మారుతుంది, లోతు మారిన ప్రతిచోటా రోలర్ వేరే రంగు వదిలింది. రంగు ఎక్కడ మారాలో ముద్రించేటప్పుడు ఎవరూ నిర్ణయించలేదు. తవ్వినప్పుడే నిర్ణయమైపోయింది. నీలం, దాని పక్కన మరో నీలం, రెండింటి సందుల్లో అడుగున ఉన్న సిరా చుక్కలు ఉంటాయి. ఇవి కలిసిపోవు, పక్కపక్కనే ఉండి చూసేవాడి కంట్లో కలుస్తాయి. అతాకేలో రెండు వాలుల గీతలు మన కంట్లో గాలిని పుట్టించినట్టే, ఇక్కడ రెండు లోతుల సిరా మన కంట్లో ప్రవాహాన్ని పుట్టిస్తుంది. జపాన్ పనివాళ్ళు దిమ్మలు పెంచి ఆ పని చేశారు. నందనూరు మనిషి పలక ఒక్కదాన్నే ఉంచి లోతులు పెంచాడు.

ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. తెలుగునాట సామాన్య పాఠకుడికి ఆయన పేరు ఇప్పటికీ అంత తెలియకపోవడం మన పత్రికల అశ్రద్ధే తప్ప మరొకటి కాదు. ఆయన ముద్రలు ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లోనూ, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లోనూ ఉన్నాయి.

రెండు రకాల ముద్రల్నీ పుస్తకాల్లోని ఫొటోల్లో చూసి సరిపెట్టుకుంటే సగమే చూసినట్టు. అసలు ప్రతి ఎదురైనప్పుడు హిరోషిగేలో ముందు చూడవలసింది వాన గీతల చివర్లు. తొలి ప్రతుల్లో అవి సూది మొనలా తేలతాయి. దిమ్మ వందల కాగితాలకు అరిగాక గోడ పైఅంచు చదునై గీత లావెక్కుతుంది, అక్కడక్కడ తెగుతుంది. ముద్ర ముందుదో వెనకదో చెప్పడానికి వానే సాక్ష్యం. కృష్ణారెడ్డి కాగితానికైతే ఎదురుగా కాక పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూడాలి. పలకలోని గుంటలు కాగితం మీద మెరకలై లేచి ఉంటాయి. అన్నిటికన్నా ఎత్తుగా నిలిచిన గీత ఏ రంగులో ఉందో చూసుకుంటే, మొట్టమొదట పులిమి తుడిచిన సిరా ఏదో తెలుస్తుంది. అక్కడినుంచి చదునుగా ఉన్న చోటికి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తే, సిరాలు పట్టించిన వరుసంతా చూసేవాడే తేల్చుకోగలడు.